విలియం ఫార్

విలియం ఫార్ (నవంబరు 30, 1807 - ఏప్రిల్ 14, 1883) ఇంగ్లాండుకు చెందిన వైద్యుడు, గణాంక శాస్త్రజ్ఞుడు. మనుషులు ఏ కారణం చేత మరణిస్తున్నారో ఒక పద్ధతి ప్రకారం నమోదు చేసి, వర్గీకరించి, లెక్కగట్టే విధానానికి పునాది వేసినవారిలో ఈయన ముఖ్యుడు. ఐ.సి.డి. అనే పేరుతో నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ ఈయన తయారుచేసిన పట్టికల నుండి క్రమంగా రూపొందినదే. ఆంధ్ర ప్రదేశ్‌లో కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమని పేరుపడిన జగ్గయ్యపేట, నందిగామలలో ఒక రోగి ప్రేగులకు అడ్డుపడి ఆసుపత్రిలో చేరినా, లండనులో చేరినా, ఆ వ్యాధికి ఐ.సి.డి. పదవ సవరణ ప్రకారం ఇచ్చే సంకేతం ఒక్కటే - కె56. అన్ని దేశాలకూ ఒకే పట్టిక ఉండాలని మొదట పట్టుబట్టినవారిలో ఫార్ ఒకడు.

బాల్యము, విద్యాభ్యాసము

ఫార్ ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో కెన్లీ అనే గ్రామంలో పేద కుటుంబంలో జన్మించాడు. తరువాత కుటుంబం దగ్గరలోని డారింగ్టన్ గ్రామానికి చేరింది. అక్కడి భూస్వామి జోసెఫ్ ప్రైస్ ఈ కుర్రవాడిని చేరదీసి, దాదాపు పెంపుడు కొడుకులా చూసుకొని చదువు చెప్పించాడు. యువకుడైన ఫార్ ష్రూస్‌బరీ ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే సహాయకుడిగా పనిచేస్తూ వైద్యం నేర్చుకొన్నాడు. 1828లో ప్రైస్ మరణించాడు. ఆయన వదలివెళ్ళిన 500 పౌండ్లతో ఫార్ 1829లో పారిస్ వెళ్ళి వైద్యశాస్త్రం చదివాడు.

పారిస్‌లో గడిపిన రెండేళ్ళే ఈయన జీవితాన్ని మలుపు తిప్పాయని చెప్పవచ్చు. అప్పట్లో అక్కడ పియేర్ లూయీ అనే వైద్యుడు రోగులను లెక్కపెట్టి, ఏ చికిత్స వలన ఎందరు బ్రతికారో పోల్చిచూసే పద్ధతిని ప్రచారం చేస్తున్నాడు. రక్తం తీయడం వంటి ప్రసిద్ధ చికిత్సలు అనుకొన్నంత మేలు చేయడం లేదని ఆ లెక్కలు చూపాయి. వైద్యుని అనుభవం కంటే లెక్క ఎక్కువ చెప్పగలదన్న ఆలోచన ఫార్ మనసులో అక్కడే నాటుకొంది. ఇంగ్లాండు తిరిగి వచ్చి 1832లో అపోతికరీల సంఘం పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. పరీక్ష వ్రాసి ఆయన సంపాదించిన వైద్య అర్హత అదొక్కటే. ఆనాటి ఇంగ్లాండులో అపోతికరీ అంటే మందులు కలిపి ఇచ్చే సామాన్య వైద్యుడు, వైద్యవృత్తిలో క్రింది మెట్టు. ఈ లోటు ఆయనను చివరిదాకా వెన్నాడింది.

1833లో వివాహం చేసుకొని లండనులో వైద్యవృత్తి ప్రారంభించాడు గాని అది అంతగా సాగలేదు. పత్రికలకు వ్యాసాలు వ్రాయడం, గణాంకాల మీద పాఠాలు చెప్పడం ఆయనకు ఎక్కువ ఇష్టంగా ఉండేవి. 1837లో భార్య క్షయవ్యాధితో మరణించింది. అదే సంవత్సరం బ్రిటిషు సామ్రాజ్య గణాంకాల మీద మెక్‌కలక్ ప్రచురించిన గ్రంథంలో జనన మరణ గణాంకాల అధ్యాయం ఫార్ వ్రాసాడు. ఆ అధ్యాయమే ఆయనను ప్రభుత్వ ఉద్యోగానికి చేర్చింది. 1842లో తిరిగి వివాహం చేసుకొన్నాడు.

రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం

1836లో చేసిన చట్టం ప్రకారం ఇంగ్లాండు, వేల్స్‌లలో 1837 జూలై 1 నుండి జనన మరణాలను ప్రభుత్వమే నమోదు చేయడం మొదలయింది. అంతకు ముందు చర్చిలలో బాప్తిస్మాలు, సమాధులు మాత్రమే వ్రాసుకొనేవారు. కొత్త పుస్తకంలో మరణ కారణానికి ఒక గడి ఉంది. అయితే ఆ గడిలో ఏమి వ్రాయాలో ఎవరికీ తెలియదు. ఇంటివారు చెప్పినది, పొరుగువారు అనుకొన్నది, వైద్యుడికి తోచినది - అన్నీ అందులో చేరేవి. ఒకే వ్యాధికి ఊరికో పేరు ఉండేది. ఒకే పేరుతో నాలుగు వ్యాధులను పిలిచేవారు.

1839లో ఈ కార్యాలయంలో సారాంశాల సంకలనకర్తగా చేరిన ఫార్ ఆ సంవత్సరమే మొదటి వార్షిక నివేదికకు అనుబంధంగా వ్యాధుల పేర్ల గురించి ఒక లేఖ వ్రాసాడు. ప్రతి శాస్త్రంలోనూ తూనికలు, కొలతలు స్థిరంగా ఉండాలి, వైద్యశాస్త్రంలో ఆ స్థానం వ్యాధి పేరుది అన్నది దాని సారాంశం. అప్పటిదాకా వాడుకలో ఉన్న విలియం కల్లెన్ వర్గీకరణ 18వ శతాబ్దానికి చెందినది, లక్షణాల మీద ఆధారపడినది. శవపరీక్షల వలన తెలిసిన కొత్త విషయాలకు అందులో చోటు లేదు. ఫార్ దానిని ప్రక్కన పెట్టి తన పట్టికను మూడు భాగాలు చేసాడు. ప్రజలలో వ్యాపించే వ్యాధులు మొదటి భాగం. విడివిడిగా వచ్చే వ్యాధులు రెండవది. వీటిని మెదడు, ఊపిరితిత్తులు, గుండె, జీర్ణావయవాలు అంటూ శరీర భాగాల వారీగా అమర్చాడు. ప్రమాదాలు, హింస వలన కలిగే మరణాలు మూడవ భాగం.

ఈ అమరిక వెనుక ఉన్న ఉద్దేశం గమనించదగినది. ఒక్కొక్క వ్యాధి యొక్క అసలు స్వభావం ఏమిటన్న తాత్విక చర్చ ఫార్‌కు అక్కర లేదు. ఏ మరణాలను ఆపవచ్చో ప్రభుత్వానికి కనబడాలి. అందుకే వ్యాపించే వ్యాధులను పట్టిక నెత్తిన పెట్టాడు. 1842లో వీటికి పులియడం అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుండి జైమోటిక్ వ్యాధులు అని పేరు పెట్టాడు.

1845లో వైద్యులందరికీ మరణ ధ్రువపత్రాల ఖాళీ పుస్తకాలు పంపడం మొదలయింది. ఇది వైద్యుల సహకారం మీద నడిచిన ఏర్పాటు మాత్రమే. చికిత్స చేసిన వైద్యుడు మరణ కారణం వ్రాసి ఇవ్వడాన్ని 1874 చట్టం తప్పనిసరి చేసింది.

ఆకలి చావుల వివాదం

మరణ కారణం గడిలో వ్రాసే మాట ఎంత బరువైనదో మొదటి నివేదికే చూపింది. 1837 చివరి ఆరు నెలలలో నమోదైన సుమారు 1,48,000 మరణాలలో 63 మరణాలకు ఆకలి కారణమని ఫార్ చూపించాడు. పేదల చట్టాన్ని అమలు చేస్తున్న కమీషను కార్యదర్శి ఎడ్విన్ చాడ్విక్ దీనిని ఒప్పుకోలేదు. ఆ కేసులను మళ్ళీ విచారిస్తే చాలావాటికి వేరే కారణాలున్నాయని వాదించాడు. కొత్త పేదల చట్టం పేదలకు అందే సహాయాన్ని బాగా తగ్గించింది కనుక, ఆకలి చావు అన్న మాట నేరుగా ఆ కమీషను మీద పడుతుంది.

ఫార్ వెనుదీయలేదు. పైగా 63 అనేది చాలా తక్కువ లెక్క అన్నాడు. తిండి చాలని మనిషి ఆకలితోనే పోడు, జ్వరంతోనో విరేచనాలతోనో పోతాడు, పుస్తకంలో ఆ జ్వరం పేరే ఎక్కుతుంది అన్నది ఆయన వాదన. చాడ్విక్ మురికి మీద, కంపు మీద దృష్టి పెట్టాడు. ఫార్ వాటితో పాటు తిండిని కూడా లెక్కలో చేర్చాడు. ఆధునిక వైద్య గణాంకాలలో మూలకారణం, తక్షణ కారణం అని చేసే విభజన గురించిన మొదటి పెద్ద తగవులలో ఇది ఒకటి.

ఫార్ పట్టికలో ప్రేగుల అడ్డంకి

ప్రేగులలో ఆహారం, మలం, వాయువు ముందుకు సాగకుండా ఆగిపోవడాన్ని ప్రేగుల అడ్డంకి అంటారు. మెలిపెట్టే కడుపునొప్పి, వాంతులు, కడుపు ఉబ్బరం, మలం, వాయువు వెడలకపోవడం దీని ముఖ్య లక్షణాలు. రక్తప్రసారం ఆగితే ప్రేగు కుళ్ళి, చిల్లుపడి, రోగి కొద్ది రోజులలోనే మరణించే ప్రమాదం ఉంది. ఫార్ 1839 పట్టికలో జీర్ణావయవాల క్రింద ఇది ఒకచోట లేదు, నాలుగు చోట్ల చెదరి ఉంది: హెర్నియా ఒకటి, శూల లేదా ఇలియస్ ఒకటి, ఇంటస్ససెప్షన్ ఒకటి, ప్రేగు సన్నబడటం ఒకటి.

ఈ నాలుగూ ఒక కోవకు చెందిన పేర్లు కావు. హెర్నియా పైకి ఉబ్బుగా కనబడుతుంది, చేతికి తగులుతుంది. కనుక వైద్యుడు బ్రతికున్న రోగిలోనే దానిని గుర్తించగలడు. ఇంటస్ససెప్షన్ అంటే ప్రేగులో ఒక భాగం ప్రక్క భాగంలోనికి దూరిపోవడం. ఇది ఎక్కువగా పసిపిల్లలలో వస్తుంది. ప్రేగు సన్నబడటం, ఇంటస్ససెప్షన్ ఆ కాలంలో చాలావరకు శవపరీక్ష చేస్తేనే నిశ్చయంగా తెలిసేవి. ఇక శూల లేదా ఇలియస్ అన్నది రోగి పడిన బాధకు పేరు మాత్రమే, దానికి కారణమేమిటో అది చెప్పదు. అంటే కడుపు కోసి చూసిన శవం ఒక గడిలో చేరేది, చూడనిది మరొక గడిలో చేరేది. ఎక్స్-రే కిరణాలు కనుగొన్నది 1895లో, ఫార్ మరణించిన పన్నెండేళ్ళకు.

నాటి గడులను నేటి కారణాలతో పోల్చితే ఒక తేడా కొట్టవచ్చినట్లు కనబడుతుంది. ఇప్పుడు చిన్న ప్రేగు అడ్డంకికి పాశ్చాత్య దేశాలలో అన్నిటికంటే పెద్ద కారణం, పూర్వం జరిగిన కడుపు ఆపరేషన్ తరువాత ప్రేగులు ఒకదానికొకటి అతుక్కుపోవడం. ఫార్ పట్టికలో దానికి ప్రత్యేకమైన చోటే లేదు. క్లోరోఫారం వాడకం 1847లో, లిస్టర్ క్రిమినాశక పద్ధతి 1867లో వచ్చాయి. అంతవరకు కడుపు కోసి బ్రతికించడం అరుదు కనుక ఆపరేషన్ మిగిల్చే అతుకులు కూడా అరుదే. బిగుసుకుపోయిన హెర్నియాకు మాత్రం శస్త్రచికిత్స చేసేవారు. మిగిలినవారికి ఎనిమా, నల్లమందు తప్ప పెద్దగా ఏమీ లేదు.

కలరా

ఫార్ పేరు నిలిపిన పని వర్గీకరణ ఒక్కటే కాదు. 1837-39 మశూచి మరణాలను పరిశీలించి, అంటువ్యాధి పెరిగి తగ్గే తీరు ఒక గణిత రేఖను అనుసరిస్తుందని 1840లో చూపాడు. ఆయుర్దాయ పట్టికలు తయారుచేసాడు. 1864లో ప్రచురించిన మూడవ పట్టికకు షాయిట్జ్ నిర్మించిన గణన యంత్రాన్ని ఉపయోగించాడు. ప్రభుత్వ కార్యాలయంలో యంత్రంతో లెక్కలు వేయించడం ఆ రోజులలో వింతే.

కలరా విషయంలో మాత్రం ఆయన చాలాకాలం తప్పు దారిలో నడిచాడు. 1848-49లో వచ్చిన కలరాపై 1852లో ఇచ్చిన నివేదికలో, థేమ్స్ నదికి ఎంత ఎత్తున ఉంటే కలరా మరణాలు అంత తక్కువ అని అంకెలతో నిరూపించాడు. అంకెలు సరైనవే. నది ఒడ్డు నుండి లేచే చెడుగాలి కారణమని వాటికి ఆయన చెప్పిన అర్థమే పొరపాటు. పల్లంలో ఉన్నవారు చెడిపోయిన నీరు త్రాగుతున్నారన్నది అప్పుడాయనకు తోచలేదు. కలరా నీటి ద్వారా వస్తుందని జాన్ స్నో వాదించినపుడు ఫార్ పూర్తిగా నమ్మలేదు గాని, 1854లో మరణాల చిరునామాలు, నీటి కంపెనీల వివరాలు స్నోకు అందేలా చేసాడు. స్నో ప్రసిద్ధ పరిశోధన ఫార్ వారపు లెక్కల మీదనే నిలిచింది. స్నో 1858లో మరణించాడు. 1866లో తూర్పు లండనులో కలరా తిరిగి వచ్చినపుడు ఆ మరణాలన్నీ ఒక్క నీటి కంపెనీ సరఫరా చేసే ప్రాంతంలోనే గుమిగూడి ఉన్నాయని ఫార్ తానే చూపించి, తన పాత సిద్ధాంతాన్ని విడిచిపెట్టాడు.

భారతదేశంతో సంబంధం

ఫార్ భారతదేశానికి రాలేదు. కాని ఫ్లోరెన్స్ నైటింగేల్‌తో కలసి ఆయన చేసిన పని ఇక్కడి పల్లెల దాకా వచ్చింది. క్రిమియా యుద్ధం తరువాత సైనికుల మరణాల లెక్కలలో నైటింగేల్‌కు గురువు వంటివాడు ఈయన. 1859లో భారతదేశ సైన్యం ఆరోగ్య పరిస్థితులపై ఏర్పడిన రాయల్ కమీషనులో ఫార్ సభ్యుడు. ఇక్కడి బ్రిటిషు సైనికులలో సంవత్సరానికి వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని, అందులో యుద్ధం వలన పోయేవారు కొద్దిమందేనని 1863లో వెలువడిన ఆ కమీషను నివేదిక చూపింది. దాని ఫలితంగా 1864లో కలకత్తా, మద్రాసు, బొంబాయిలలో పారిశుద్ధ్య కమీషన్లు ఏర్పడ్డాయి. సైన్యంతో మొదలైన లెక్క తరువాత సామాన్య ప్రజలకు విస్తరించింది.

అప్పటి కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. నందిగామ తాలూకా కేంద్రం. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి పేరిట కట్టించిన జగ్గయ్యపేట నిజాం సరిహద్దుకు దగ్గరగా ఉన్న వ్యాపార కేంద్రం. గ్రామ మునసబు మరణాలను పుస్తకంలో వ్రాసి పైకి పంపేవాడు. పారిశుద్ధ్య కమీషనర్ల నివేదికలలో మరణ కారణాలకు ఉన్న గడులు బహు కొద్ది: కలరా, మశూచి, జ్వరాలు, కడుపు జబ్బులు, గాయాలు, ఇతరములు. ఇంగ్లాండు పట్టికలో నాలుగు చోట్ల ఉన్న ప్రేగుల అడ్డంకికి ఇక్కడ ఒక్క చోటు కూడా లేదు. మునసబు వైద్యుడు కాడు. కడుపునొప్పితో మెలికలు తిరిగి పోయినవాడిని విరేచనాలతో పోయినవారితో కలిపి కడుపు జబ్బులలో వ్రాయాలి, లేదా ఇతరములలో వ్రాయాలి. ఈ పాత నివేదికలను చదివే విద్యార్థులు కడుపు జబ్బులు అన్న అంకెను చూసి అవన్నీ అతిసార మరణాలే అనుకోరాదు.

చివరి రోజులు

ఫార్ 1855లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు, 1871-73లో గణాంక సంఘం అధ్యక్షుడుగా ఉన్నాడు. సుమారు నలభై ఏళ్ళు ఒకే కార్యాలయంలో పనిచేసి, దాని ప్రతిష్ఠకు కారకుడైనా, ఆయనెన్నడూ రిజిస్ట్రార్ జనరల్ కాలేదు. 1879లో జార్జి గ్రాహం పదవీ విరమణ చేసినపుడు ఆ స్థానం తనకు వస్తుందని ఆశించాడు. ప్రభుత్వం దానిని గణాంకాలతో పరిచయం లేని సర్ బ్రిడ్జెస్ హెన్నికర్‌కు ఇచ్చింది. పేదింటి బిడ్డ, అపోతికరీ అర్హత కలవాడు పెద్ద పదవికి తగడన్న భావన కొంత పనిచేసి ఉండవచ్చు. అప్పటికాయనకు డెబ్బై దాటిన మాట కూడా నిజమే. ఫార్ 1880లో రాజీనామా చేసాడు. ఆ సంవత్సరమే బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. 1883 ఏప్రిల్ 14న లండనులో మరణించాడు. ఆయన రచనలలో ముఖ్యమైనవాటిని నోయెల్ హంఫ్రీస్ సంకలనం చేయగా 1885లో ప్రచురించారు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ భవనం గోడలపై చెక్కిన పేర్లలో ఫార్ పేరు ఉంది.

ఫార్ పట్టిక నుండి ఐ.సి.డి. వరకు

1853లో బ్రస్సెల్స్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ గణాంక మహాసభ, అన్ని దేశాలకు పనికివచ్చే మరణ కారణాల పట్టిక తయారుచేయమని ఫార్‌ను, జెనీవాకు చెందిన మార్క్ డెస్పీన్‌ను కోరింది. 1855లో పారిస్‌లో ఇద్దరూ రెండు వేరు పట్టికలు తెచ్చారు. డెస్పీన్ వ్యాధి స్వభావాన్ని బట్టి, ఫార్ శరీర భాగాన్ని బట్టి విభజించారు. సభ రెండింటినీ కలిపి 139 శీర్షికలతో రాజీ పట్టిక ఆమోదించింది. దానిని దేశాలు అంతగా పాటించలేదు.

పారిస్ నగర గణాంక అధికారి జాక్ బెర్టియాన్ 1893లో చికాగోలో ప్రవేశపెట్టిన పట్టిక నిలిచింది. నేరస్థుల శరీర కొలతలు తీసే పద్ధతితో ప్రసిద్ధుడైన అల్ఫాన్స్ బెర్టియాన్ ఇతని తమ్ముడు. జాక్ బెర్టియాన్ ఫార్ సూత్రాన్నే తీసుకొన్నాడు: శరీరమంతటికీ సోకే వ్యాధులు వేరు, ఒక అవయవానికి పరిమితమైనవి వేరు. 1900లో పారిస్‌లో ఈ పట్టికకు మొదటి అంతర్జాతీయ సవరణ జరిగింది. 1909 సవరణలో హెర్నియా, ప్రేగుల అడ్డంకి రెండూ 109 అనే ఒకే శీర్షిక క్రింద ఉండేవి. 1948లో ఆరవ సవరణ నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ బాధ్యత తీసుకొంది. మరణాలతో పాటు బ్రతికున్నవారి వ్యాధులకు కూడా సంకేతాలు ఇవ్వడం అప్పుడు మొదలయింది.

1990లో ఆమోదించిన పదవ సవరణలో ప్రేగుల అడ్డంకి కె56 క్రింద కారణాల వారీగా విడిపోయింది. ప్రేగుల కదలిక స్తంభించిపోతే కె56.0, ఇంటస్ససెప్షన్ కె56.1, ప్రేగు మెలిక పడితే కె56.2, పిత్తాశయపు రాయి అడ్డుపడితే కె56.3, అతుకుల వలన అడ్డంకి వస్తే కె56.5. కారణం తెలియక వ్రాసే ఇలియస్‌కు కె56.7 అనే చోటు ఉంది. 1839 నాటి శూల లేదా ఇలియస్ గడికి ఇది వారసురాలు. హెర్నియా వలన వచ్చిన అడ్డంకి ఇందులో చేరదు. అది కె40 నుండి కె46 వరకు ఉన్న హెర్నియా సంకేతాలలోకి పోతుంది. భారతదేశంలో తరచు కనిపించే ప్రేగుల క్షయ ఎ18.3 క్రింద అంటువ్యాధుల అధ్యాయంలో ఉంటుంది. పిల్లల ప్రేగులలో ఏలికపాములు ఉండచుట్టుకొని అడ్డుపడితే బి77.0. కనుక ఒక ఆసుపత్రిలో కె56 కేసులను మాత్రమే లెక్కపెట్టి ప్రేగుల అడ్డంకులు ఇన్ని అనుకొంటే లెక్క తక్కువ వస్తుంది. 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన పదకొండవ సవరణ చిన్న ప్రేగు అడ్డంకిని, పెద్ద ప్రేగు అడ్డంకిని వేరు చేసింది.

భారతదేశంలో 1969 జనన మరణ నమోదు చట్టం క్రింద ఆసుపత్రిలో జరిగిన మరణానికి ఫారం 4, ఇంటివద్ద వైద్యుని పర్యవేక్షణలో జరిగిన మరణానికి ఫారం 4ఎ వాడుకలోకి వచ్చాయి. అందులో తక్షణ కారణం పై వరుసలో, దానికి దారితీసినవి క్రింది వరుసలలో వ్రాయాలి. బిగుసుకున్న హెర్నియా వలన ప్రేగు కుళ్ళి, కడుపులో చీము పట్టి రోగి మరణిస్తే, అన్నిటికంటే క్రింది వరుసలోని హెర్నియాయే మూలకారణంగా లెక్కకు వస్తుంది. గుండె ఆగిపోయింది అని మాత్రమే వ్రాస్తే ఆ పత్రం వలన ఉపయోగం లేదు. వైద్యుడు చూడకుండా ఇంటివద్ద జరిగే మరణాలు గ్రామాలలో ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాటి కారణం తెలుసుకోవడానికి, శిక్షణ పొందినవారు ఆ ఇంటికి వెళ్ళి, చనిపోయినవారికి చివరి రోజులలో ఏయే లక్షణాలు కనిపించాయో కుటుంబ సభ్యులను అడిగి వ్రాసుకొంటారు. ఆ వివరాలు చదివి వైద్యులు ఐ.సి.డి. సంకేతం ఇస్తారు. జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ 4 నుండి కొత్తగా ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి, నందిగామ ఆ జిల్లాలో ఒక రెవెన్యూ డివిజను కేంద్రం.